కండె గోళ్లు తీసిన సారయ్య

సిద్దిపేటలో నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మను మగ్గం మీద చీరలోకి దించగల చేతులు ఇంకా ఎన్ని మిగిలాయని ఎవరైనా అడిగితే, సారయ్య ముందు తన రెండు చేతులూ చూపిస్తాడు. తర్వాత మిగతావాళ్ల పేర్లు గుర్తు చేసుకుంటున్నట్టు కాసేపు పైకప్పు వైపు చూస్తాడు. పాపం, ఒక్క పేరూ గుర్తుకు రాదు. వెనక వాడలో ఇంకా ఆడుతున్న మగ్గాల చప్పుడు అతని ఇంటిదాకా చక్కగా వినిపిస్తుంది గానీ, ఆ చప్పుడు విషయంలో అతనికి చెవుడు.

వయసులో ఉన్నప్పుడు అందరిలాగే భీవండి వెళ్లి మరమగ్గాల మధ్య కొన్నేళ్లు గడిపాడు. అక్కడి నుంచి ఒక దగ్గు, నాలుగు హిందీ తిట్లు, యంత్రాల మీద చల్లారని కోపం సంపాదించుకుని వచ్చాడు. వచ్చినవాడు తండ్రి వదిలిపోయిన గుంట మగ్గం ఎక్కి కూర్చున్నాడు. గుంట మగ్గమంటే ఏమీ లేదు, నేలలో ఒక గుంత తవ్వి ఉంటుంది. నేతగాడు దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతుంటే ఒడి ముందు బట్ట పెరుగుతూ ఉంటుంది. అప్పుడప్పుడు కాలేజీ పిల్లలూ ఆఫీసర్లూ వచ్చి ఆ గుంత పక్కన ఫొటోలు దిగుతారు. ఈ కళను బతికించుకోవాలని ఒకరికొకరు గట్టిగా చెప్పుకుని, మిషను బట్టలు దులుపుకుని, కారెక్కి వెళ్లిపోతారు. వాళ్లున్నంతసేపు సారయ్య దగ్గు ఆపుకుని, పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలో పట్టుకుని, మహా గంభీరంగా కూర్చుంటాడు.

అతని గర్వమంతా చేతుల్లో ఉంది. తెగిన పోగును చూడకుండానే అతుకుతాడు. ఆ ముడి ఎక్కడ వేశాడో మరునాడు అతనికే దొరకదు. నేసిన బట్ట మీద వెంట్రుకంత దారం కొస లేచి కనిపించినా ఊరుకోడు, పక్కనే ఉండే చిన్న కత్తెర తీసి మొదలంటా కత్తిరిస్తాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ మగ్గం మీద సాగిన చేయి లోకంలో ఎక్కడైనా సాగుతుందని అతని నమ్మకం. ఒకసారి ఇంట్లో నల్లా బాగుచేస్తే వాడంతా వచ్చి బిందెలు నింపుకుపోయింది. మిక్సీ బాగుచేస్తే అది మళ్లీ నోరు విప్పలేదు. ఈ రెండు సంగతులూ సారయ్య భార్య కిష్టవ్వ ఎవరికి చెప్పాలన్నా ముందు నవ్వి తర్వాత చెబుతుంది.

కిష్టవ్వ పని కండెలు చుట్టడం. చిన్న పుల్లలకు నూలు చుట్టి భర్తకు అందిస్తే అవి నాడెలోకి పోతాయి. ఆమె లేకుండా మగ్గం ఒక్క పూట నడవదు. ఈ ముక్క సారయ్య ఎన్నడూ నోటితో అనలేదు. అనకపోవడానికి కారణం కోపమో పంతమో కాదు, అతనికి చేతులు పనిచేసినంత చురుగ్గా నోరు పనిచేయదు. ఆమెకు అటువంటి ఇబ్బంది లేదు.

ఇక ఆ ఇంట్లో మూడో ప్రాణి కుక్క. బోనగిరి బస్సులు ఆగే వైపు నుంచి ఎలాగో తప్పిపోయి వచ్చిన పిల్లకూన, వచ్చిన రోజునే నూలు చుట్టిన కండె ఒకటి నోట కరుచుకుని వాడ చివరిదాకా పరిగెత్తింది. దారం ఇంటి నుంచి కిరాణా కొట్టు దాకా పరుచుకుంది. కిష్టవ్వ కర్ర తీసుకుంది, సారయ్య పేరు పెట్టాడు. కండె అన్న పేరు అలా వచ్చింది. పెరిగి పెద్దదయ్యాక అది గుంటలోనే కాపురం పెట్టింది. ఎండాకాలం అక్కడ చల్లగా ఉంటుంది, చలికాలం వెచ్చగా ఉంటుంది, పైగా సారయ్య కాళ్లు ఆడుతూ ఉంటే దానికి నిద్ర బాగా పడుతుంది. అతను రోజంతా దానితో మాట్లాడతాడు. భీవండి సంగతులు, నూలు ఎంత నాసిగా వస్తోందో, మోకాలు ఎక్కడ గుంజుతోందో అన్నీ దానికే చెబుతాడు. ఇంట్లో మనిషితో పలకని నోరు గుంటలో ఉన్న కుక్కతో మాత్రం ధారాళంగా పలుకుతుంది.

అయితే రోజంతా మెత్తటి మట్టిలో పడుకునే కుక్కకు గోళ్లెలా అరుగుతాయి? వీధికుక్కలకు సిమెంటు రోడ్డే ఆకురాయి. కండెకు ఆ శ్రమ లేదు. దాని గోళ్లు పెరిగి, నల్లగా వంకీలు తిరిగి, నడిస్తే గచ్చు మీద టకటకమని చప్పుడు చేసేవి. ఒకనాడు పొద్దున్నే కిష్టవ్వ పొయ్యి మీద కుక్కర్ కూత పెట్టింది. గుంటలో నిద్రపోతున్న కండె ఉలిక్కిపడి ఒక్క దూకు దూకింది. దాని గోళ్లకు చిక్కుకుని మగ్గం మీది పడుగు పోగులు గుప్పెడు తెగిపోయాయి. అది పెళ్లివాళ్ల చీర, ఇంకా కొంగు నేయాల్సి ఉంది. పోగులు అతకడానికి సారయ్యకు మధ్యాహ్నం దాకా పట్టింది. అతను కుక్కను ఒక్క మాటా అనలేదు, కుక్కర్‌ను తిట్టాడు.

కిష్టవ్వ మాత్రం ఆ సాయంత్రమే తీర్పు చెప్పింది. నారాయణరావుపేటలో ఆమె తమ్ముడు నరహరికి మక్కచేను ఉంది. కంకులు పాలు పోసుకునే నాటికి అడవి పందులు దిగుతాయి. కాపలాకు కుక్క కావాలని అతను ఎప్పటి నుంచో అడుగుతున్నాడు.

"కంకి పాలు వోసుకునేలోపట దీని గోర్లు దీసి పెట్టు," అంది. "నాలుగు కాళ్లకూ. లేకుంటే నరహరి తోల్కపోతడు. మళ్ల నన్ననొద్దు."

ఎలుక కనిపిస్తే సారయ్య కాళ్ల వెనక దాక్కునే కండె అడవి పందులను ఎదిరిస్తుందట. చేనులో దానికి రెండో రాత్రి ఉండదని సారయ్యకు తెలుసు. ఆ మాట బయటికి చెబితే కుక్క మీద ప్రేమ ఉందని తేలిపోతుంది కాబట్టి, తెగిన దారాన్ని పళ్లతో కొరికి ఊరుకున్నాడు. గోళ్లే కదా, అనుకున్నాడు. ఎన్ని వేల దారాలు కత్తిరించిన చేతులు ఇవి.

గోళ్లు తీయాలంటే ముందు వారం చూడాలి. కిష్టవ్వ ఇంట్లో మంగళవారం, శుక్రవారం, శనివారం గోరు తీయడం నిషిద్ధం. దీపం పెట్టాక నిషిద్ధం. గడప లోపల ఎప్పుడైనా నిషిద్ధం, లక్ష్మి వెళ్లిపోతుంది. ఇంట్లో ఇంతవరకు లక్ష్మి జాడ ఎవరికీ కనిపించలేదు గానీ, ఉన్నదేదో పోకుండా ఈ జాగ్రత్త. సారయ్యకు చిర్రెత్తుకొచ్చింది.

"కుక్కకు వారాలుంటయానే?"

"కుక్కకు లెవ్వు. ఇంటికున్నయ్."

సరే, బుధవారం పొద్దున అరుగు మీద ముహూర్తం కుదిరింది. కరీంనగర్‌లో కాపురం చేస్తున్న కూతురు సుచిత్ర, సంగతి విని ఫోనులో ఒక వీడియో పంపింది. అందులో బ్యూటీ పార్లర్‌కు వచ్చిన పెళ్లికూతురిలా ఒక తెల్ల కుక్క కాలు చాపి కూర్చుంది. ఒక అమ్మాయి దాని గోరును వెలుతురుకు పెట్టి చూపిస్తూ, లోపల గులాబీ రంగులో నెత్తురు నరం ఉంటుందని, దానికి దూరంగా కొసలు మాత్రమే తీయాలని చెబుతోంది. సారయ్య వీడియో మొత్తం శ్రద్ధగా చూశాడు. చూసి, ఆ పిల్ల చేతిలో కత్తెర నాసిరకం అని తేల్చాడు. తెల్ల కుక్క గోరులో నరం కనబడుతుంది, నల్ల గోరులో కనబడదన్న చిన్న తేడా అతని దృష్టికి రాలేదు.

అరుగు మీద కూర్చుని, కండె ముందుకాలు మోకాళ్ల మధ్య ఇరికించి, దారాలు కత్తిరించే కత్తెర తీశాడు. దారం కొసను ఎలా తీస్తాడో అలాగే తీశాడు. అంటే మొదలంటా. ఒక నేతగాడు తప్ప లోకంలో ఎవరూ కుక్క గోరును అంత నున్నగా కత్తిరించి ఉండరు.

కండె పెట్టిన కేకకు వాడంతా బయటికి వచ్చింది. అది కాలు విదిలించుకుని అరుగు దిగి పరిగెత్తింది, దాని వెంట గచ్చు మీద ఎర్రటి చుక్కలు. సారయ్య పసుపు డబ్బాతో వెంట పడ్డాడు. పసుపు చల్లితే నెత్తురు పసుపుతో కలిసి కారింది. కుక్కను పట్టుకోగలిగింది కిష్టవ్వ ఒక్కతే. పడుగుకు గంజి పెట్టడానికి దాచుకున్న మైదా పొడి గుప్పెట్లో తీసుకుని, గోరు మీద అద్ది, పాత గుడ్డతో ఒత్తి పట్టుకుని కూర్చుంది. మధ్యలో తీసి చూడబోయిన భర్త చేతి మీద ఒక్కటిచ్చింది. కాసేపటికి నెత్తురు కట్టింది. ఆ కాసేపట్లో కిష్టవ్వ నల్లా దగ్గర మొదలుపెట్టి మిక్సీ మీదుగా కుక్క కాలు దాకా సారయ్య చేతుల చరిత్ర మొత్తం వాడకు వినిపించింది.

కుంటుతోందని పశువుల దవాఖానకు ఆటోలో తీసుకుపోయారు. అక్కడ యాస్మిన్ అనే చిన్న వయసు డాక్టరమ్మ కాలు పట్టి చూసి, కట్టు కట్టి, సారయ్యను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. నల్లగోరును ఒకేసారి కత్తిరించకూడదు, బియ్యపు గింజంత తీయాలి, తీసి ఆ తెగిన చోట చూడాలి. నడుమ నల్లటి తడి చుక్క కనిపించిందంటే అక్కడితో ఆపాలి. దారాల కత్తెర గోరును నలిపేస్తుంది, కుక్కల కోసం ఉండేది వేరే ఉంది, లేదంటే గరుకు కాగితంతో అరగదీయాలి. కొంచెం కొంచెంగా తీస్తూ పోతే లోపలి నరం కూడా వెనక్కి జరుగుతుంది. అన్నిటికంటే ముందు, కొన్నాళ్లు కత్తెర ముట్టకుండా ఉత్త చేత్తో కాలు పట్టుకోవడం అలవాటు చేయాలి.

"ఉత్తగనే పట్టుకోవాలా?" అని సారయ్య అడిగాడు.

"ఉత్తగనే తాతా. ప్రేమగ. మీరు పట్టుకుంటే ఏం గాదని దానికి నమ్మకం రావాలె."

సారయ్య ముఖం చూస్తే ఎవరో కొత్తరకం నేత నేర్చుకోమన్నట్టుంది. ఏ పనీ లేకుండా ఒక కాలునో చేతినో ప్రేమగా పట్టుకుని కూర్చోవడమన్నది అతని అనుభవంలో లేని విద్య. కిష్టవ్వ డాక్టరమ్మ వైపు చూసి, "మంచోనికే చెప్పినవ్ బిడ్డా," అంది.

ఆ రోజు నుంచి కండె గుంటలోకి దిగలేదు. కిష్టవ్వ రాట్నం పక్కన పడుకుంటోంది. సారయ్య గొంతు వినపడితే చెవులు వెనక్కి పెడుతుంది, లేచి వస్తే అది కూడా లేచి మరోవైపు పోతుంది. అరుగు మీద జొన్నరొట్టె ముక్క పట్టుకుని పిలిచాడు. రాలేదు. వేయించిన పల్లీలు అరచేతిలో పోసుకుని పిలిచాడు. రాలేదు. పిలిచీ పిలిచీ పల్లీలన్నీ తనే తిన్నాడు. రెండు చేతులూ చూపించి ఊరందరి మెప్పూ పొందిన మనిషిని చూసి ఒక కుక్క ఆ చేతులకే భయపడుతోంది. మగ్గం మీద కూర్చుంటే కాళ్ల కింద గుంత ఖాళీగా తగిలేది. మాట్లాడదామంటే వినేవాళ్లు లేరు. ఒకనాడు నేసిన బట్ట చూసుకుంటే వరుసలో ఒక గొల్లభామకు నెత్తిన కుండ లేదు. అన్నేళ్లలో అతను కుండ మరిచిపోవడం అదే మొదలు. అతను నూలును తిట్టుకుంటూ ఆ వరుస విప్పాడు.

వారాల సమస్యకు కిష్టవ్వే దారి చూపింది. కత్తిరిస్తే కదా దోషం, అరగదీస్తే గోరు తీసినట్టు కాదని తీర్మానించింది. ఈ తీర్మానం ఏ పంచాంగంలోనిదని సారయ్య అడగబోయి, అడిగితే తీర్మానం మారుతుందేమోనని ఊరుకున్నాడు. కండెను రోజూ అంగడిదాకా నడిపించుకుపోతున్నానని, గోళ్లు రోడ్డు మీద కొంత వాటంతటవే అరుగుతున్నాయని కూడా ఆమె ఒకరోజు చెప్పింది. కుక్కను ఇంట్లోంచి పంపించాలని పట్టుబట్టిన మనిషికి ఇంత శ్రమ ఎందుకో అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

అలా రోజూ కాసేపు ఆమె కండె కాలు ఒళ్లో పెట్టుకుని, గరుకు కాగితంతో మెల్లగా రుద్దేది. సారయ్య దూరంగా కూర్చుని, రుద్దినప్పుడల్లా రొట్టె ముక్క విసిరేవాడు. కండె ముక్క తినేది, విసిరినవాడి వైపు చూసేది కాదు. రానురాను ముక్క విసరడం మాని చేత్తో అందించాడు. ఒకనాడు అది అతని వేళ్ల నుంచి తీసుకుంది. అప్పుడు కిష్టవ్వ చూడలేదనుకుని సారయ్య కొంచెం నవ్వాడు. వెనక కాళ్లు రెండూ అయ్యాయి, ముందుకాలు ఒకటి అయింది. నెత్తురు వచ్చిన కాలు మాత్రం కిష్టవ్వకు కూడా ఇవ్వలేదు. దాని మీద చేయి వేస్తే చాలు, వణుకుతూ కడుపు కిందికి లాక్కునేది.

మక్కకంకులకు ఈ కష్టాలు తెలియవు, అవి పాలు పోసుకున్నాయి. ఒక పొద్దున నరహరి బండి మీద వచ్చాడు, చేతిలో కొత్త గొలుసు ఉంది. అక్క ఇచ్చిన చాయ్ తాగుతూ, పందులు పక్క చేనుదాకా వచ్చాయని, ఇంకో దినం ఆగితే తన చేను దున్నేసి పోతాయని చెప్పాడు. బావ మగ్గం దిగి పలకరించకపోవడం అతనికి కొత్తేమీ కాదు. కిష్టవ్వ కండె కాళ్లు ఒక్కొక్కటే చూసింది. మూడు బాగున్నాయి. నాలుగో కాలు దగ్గర ఆగి, తన మాట తనకే గుర్తొచ్చి, గొలుసు కట్టమని తమ్ముడికి చెప్పింది. ఒక మాట అన్నాక వెనక్కి తీసుకునే అలవాటు ఆమెకూ లేదు.

కండె ఏ గొడవా చేయలేదు. గొలుసు వేసిన చేతిని నాకి, కొత్త చుట్టానికి తోక ఊపి, బండి దాకా బుద్ధిగా నడిచింది. లోపల మగ్గం ఆడుతూనే ఉంది. నరహరి బండి స్టార్టు చేశాడు. అప్పుడు మగ్గం ఆగింది.

సారయ్య చెప్పులు లేకుండా బయటికి వచ్చాడు. నూలుపోగు ఒకటి చొక్కాకు పట్టుకుని వెంట వచ్చింది. వచ్చి గొలుసు పట్టుకున్నాడు. నరహరి బండి ఆపేశాడు.

"దీన్ని వంపకు," అన్నాడు చివరికి, కిష్టవ్వతో. "తప్పు నాది. కాలు కోసింది నేను. ఇది లేకుంటే నాకు మగ్గం మీద కూసోబుద్ధయితలేదు."

వాడలో వాళ్లు వింటున్నారని కూడా చూసుకోలేదు. కిష్టవ్వ అతన్ని కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా మాట్లాడింది. ఆమె అరిచినప్పుడు ఎవరూ భయపడరు గానీ, నెమ్మదిగా మాట్లాడితే భయపడాల్సిందే.

"మా నాయిన సచ్చిపోయినప్పుడు నేను గాడనే ఉండిపోయిన. ఎన్ని దినాలైనా నువ్వు రాలె. మగ్గం మీద చీర ఉన్నది, నన్నే రమ్మని కబురు వంపినవ్. గీ నరహరే నన్ను బస్సుల తెచ్చి దిగవెట్టిండు. కుక్క కోసమైతే మగ్గం దిగినవ్."

నరహరి బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం మీద అంత దుమ్మేమీ లేదు. సారయ్య గొలుసును వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. అతని దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది, నువ్వు లేకుంటే కండెలెవరు చుడతారని. అది నాలుక దాకా వచ్చింది. ఎందుకో ఈసారి దాన్ని మింగేశాడు.

"గప్పుడు గూడ బువ్వ తినబుద్ధి గాలె," అన్నాడు, కుక్క వైపు చూస్తూ. "చెప్పరాలె."

కిష్టవ్వ వచ్చి అతని చేతిలోంచి గొలుసు తీసుకుని, కండె మెడ నుంచి విప్పి, తమ్ముడి చేతిలో పెట్టింది. పందులకు వేరే దారి చూసుకోమని, పోయేముందు తిని పొమ్మని చెప్పింది. అరుగు మీద కూర్చుని కండెను ఒడిలోకి లాక్కుంది. గరుకు కాగితం భర్తకు అందించింది.

సారయ్య అరుగు చివరన, ఎప్పటిలాగే దూరంగా కూర్చున్నాడు. చేయి చాపాడు. కాలు అందలేదు.

"దగ్గరికి రా," అంది కిష్టవ్వ. "గంత దూరం కూసుంటే ఎట్ల అందుతరయ్యా ఎవలైనా."

అతను జరిగాడు. మోకాలుకు ఆమె మోకాలు తగిలేదాకా జరిగాడు. ఉత్త చేత్తో ఆ కాలు పట్టుకున్నాడు. కండె వణికింది, ఒకసారి లాక్కోబోయి, ఆగింది. కిష్టవ్వ తన చేయి తెచ్చి ఆ కాలి మీదా అతని చేతి మీదా కలిపి పెట్టింది. గరుకు కాగితం పక్కనే పడి ఉంది, ఆ పూట గోరు అరగలేదు.